ఎముకలు చదివిన కువియర్

జంతుశాస్త్రం పాఠంలో కువియర్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆ మనిషి జీవితం మాత్రం తెలుసుకోదగ్గది.

జార్జ్ కువియర్ 1769 ఆగస్టు 23న, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న మోంబెలియార్ పట్టణంలో జన్మించాడు. తండ్రి రిటైరైన సైనికాధికారి. కొద్దిపాటి పెన్షన్‌తోనే ఇల్లు గడిచేది. బఫన్ రాసిన జంతువుల పుస్తకాల్లోని బొమ్మలు చూసి గీస్తూ, రంగులు వేస్తూ పెరిగాడు. స్టట్‌గార్ట్‌లో చదువు ముగిశాక 1788లో నార్మండీ వెళ్లి, ఒక సంపన్న కుటుంబంలో పిల్లవాడికి చదువు చెప్పే పనిలో చేరాడు. తీరిక దొరికితే సముద్రపు జీవులను కోసి పరిశీలించేవాడు. చెప్పే గురువు లేడు, ప్రయోగశాల లేదు. అయినా 1795లో పారిస్ మ్యూజియంలో స్థానం సంపాదించాడు.

దక్షిణ అమెరికాలో బ్యూనస్ ఎయిర్స్ దగ్గర, లుహాన్ నది ఒడ్డున దొరికిన ఓ భారీ అస్థిపంజరాన్ని అప్పటికే స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కు తెచ్చి నిలబెట్టారు. అదే జంతువో ఎవరూ తేల్చలేకపోయారు. కువియర్ మాడ్రిడ్ వెళ్లనేలేదు. దాని బొమ్మలు మాత్రమే చూశాడు. పుర్రె, పళ్లు, గోళ్లు పోల్చి, చెట్టుకొమ్మలకు తలకిందులుగా వేలాడే స్లాత్‌కు ఇది చుట్టమని 1796లో ప్రకటించాడు. మెగథీరియం అని పేరు పెట్టాడు. పెద్ద మృగం అని అర్థం. నేటి స్లాత్ ఐదారు కిలోలు తూగితే అది దాదాపు నాలుగు టన్నులు! చెట్టెక్కే మాటే లేదు. నేలమీద నడుస్తూ, వెనుక కాళ్లపై లేచి ఆకులు తినేది. జీవజాతులు పూర్తిగా అంతరించిపోతాయని నాడు చాలామంది నమ్మలేదు. మామత్ ఎముకలతో, ఇలాంటి ఎముకలతో కువియర్ నమ్మించాడు. పరిణామవాదాన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆయన జీవితంలో మన హాస్టల్ పిల్లలం తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. దక్షిణాఫ్రికాకు చెందిన సారా బార్ట్‌మన్ అనే ఖోయ్‌ఖోయ్ స్త్రీని లండన్‌లో, పారిస్‌లో వింత జంతువులా డబ్బులకు చూపించారు. ఆమె 1815 డిసెంబరులో చనిపోయింది. కువియర్ ఆ దేహాన్ని కోసి, అస్థిపంజరాన్ని, మెదడును భద్రపరిచాడు. ఆమె డచ్ భాష బాగా మాట్లాడేదని, జ్ఞాపకశక్తి మంచిదని తానే రాసి, అదే రచనలో ఆమెను కోతులతో పోల్చాడు. బొమ్మ చూసి మృగాన్ని గుర్తుపట్టిన కళ్లు, ఎదుట నిలిచిన మనిషిని గుర్తుపట్టలేదు. కాలమే అలాంటిదని కొందరంటారు. నాకది సమాధానంగా తోచదు.

కువియర్ 1832 మే 13న మరణించాడు. నలుగురు బిడ్డలూ అంతకుముందే పోయారు. సారా ఎముకలు 1970ల దాకా పారిస్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్నాయి. 1994లో నెల్సన్ మండేలా అడిగారు. చివరకు 2002 ఆగస్టు 9న ఆమెను సొంత గడ్డపై, హాంకీ అనే ఊళ్లో ఖననం చేశారు.