పత్తి వెంకయ్య గారు

జెండా రూపొందించిన పింగళి వెంకయ్య గారు మన బందరు వైపు వాళ్లేనని అందరికీ తెలుసు. ఆయన్ని పత్తి వెంకయ్య అనేవారని మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది. మంగినపూడి ఉప్పునేలలో మా ప్రాజెక్టు సెన్సర్ పాతి, అది చూపించే తేమ అంకెలు నమ్మాలా వద్దా అని తల పట్టుకున్న రోజుల్లో.

ఆయన 1876లో భట్లపెనుమర్రులో పుట్టారు. బందరులో చదివారు. సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడే గాంధీని కలిశారు.

తిరిగొచ్చాక మునగాల పరగణాలోని నడిగూడెంలో ఉంటూ కంబోడియా పత్తి మీద పరిశోధన చేశారు. ఆ పేరు అలా వచ్చిందే. నాకైతే జెండా కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం. విత్తన రకాన్ని పరీక్షించడం అంటే మాటలు కాదు. మంచి మొక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, వాటి గింజల్ని విడిగా దాచాలి, మళ్లీ విత్తి చూడాలి. నా కోడ్ తప్పయితే రెండు సెకన్లలో ఎర్రర్ వస్తుంది. పత్తిలో తప్పు తెలియాలంటే ఒక పంటకాలం ఆగాలి!

తర్వాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. జపనీస్ నేర్చుకుని జపాన్ వెంకయ్య అయ్యారు, వజ్రాల మీద పనిచేసి డైమండ్ వెంకయ్య కూడా అయ్యారు. 1916లో జెండాల మీద పుస్తకం వేశారు, 1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా ఇచ్చారు.

చివరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1963 జులై 4న పోయారు. ఆయన పేరుతో తపాలా బిళ్ల వచ్చింది 2009లో.