అబ్రహాము లింకను – యుద్ధాధికారము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ యను రాష్ట్రము కలదు. అచట ఒక కొయ్యదుంగల గుడిసెలో 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన అబ్రహాము లింకను జన్మించెను. తండ్రి థామసు సేద్యము, వడ్రంగము చేసి కుటుంబమును పోషించుచుండెను. లింకనునకు తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లి నాన్సీ మరణించెను. సవతితల్లి సారా ఆ బాలుని కన్నబిడ్డవలె పెంచెను. ఆయన పాఠశాలకు పోయిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరమునకు మించవు. గొడ్డలితో దుంగలు చీల్చుచు, తీరిక వేళల దొరికిన పుస్తకమునెల్ల చదువుచు, ఆయన న్యాయశాస్త్రమును స్వయముగా నేర్చి 1836లో న్యాయవాది యయ్యెను. అంతకు రెండేండ్లు ముందే ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. 1847 డిసెంబరులో వాషింగ్టను నగరమున దేశపు ప్రతినిధి సభలో సభ్యుడుగా ప్రవేశించెను.

ఆ దేశపు రాజ్యాంగము 1787లో రచింపబడినది. దానిని రచించిన పెద్దలు ప్రాచీన రాజుల చరిత్రలను చక్కగా ఎరిగినవారు. రాజు కీర్తికాంక్షతో దండెత్తుటయు, ఆ భారమును పేద ప్రజలు మోయుటయు వారికి తెలియనిది కాదు. కావున వారు యుద్ధాధికారమును ఒక్కని చేతిలో ఉంచరైరి. యుద్ధమును ప్రకటించు అధికారమును, సైన్యమునకు ధనము మంజూరు చేయు అధికారమును ప్రతినిధి సభ, సెనేటు అను రెండు సభలు గల కాంగ్రెసునకు ఒసగిరి. సేనలను నడపు సర్వసేనాధిపత్యమును మాత్రము అధ్యక్షునకు ఒసగిరి. ఖడ్గము అధ్యక్షుని చేత నున్నను, దానిని ఒరనుండి తీయుటకు కాంగ్రెసు అనుమతి కావలయునని దీని భావము.

లింకను సభలో ప్రవేశించునాటికి అమెరికాకును మెక్సికోకును యుద్ధము జరుగుచుండెను. 1845లో టెక్సాసు ప్రాంతము అమెరికాలో చేరెను. దాని సరిహద్దు రియోగ్రాండి నది యని అమెరికా ప్రభుత్వము వాదించెను. అంతకు ఉత్తరముననున్న న్యూయేసెస్ నదియే యని మెక్సికో వాదించెను. రెండు నదుల నడుమనున్న ఆ వివాదభూమిలోనికి 1846లో అధ్యక్షుడు పోల్కు సేనలను పంపెను. ఏప్రిలులో అచట మెక్సికో సైనికులతో ఘర్షణ కలిగి కొందరు అమెరికా సైనికులు మడిసిరి. శత్రువులు మన నేలపై మన రక్తమును చిందించిరని పోల్కు కాంగ్రెసునకు తెలిపెను. కాంగ్రెసు మే 13వ తేదీన యుద్ధమును ప్రకటించెను. ఆవిధముగా సభ అనుమతి లభించెను. కాని సేనలను ముందుగా అచటికి పంపుటచే యుద్ధము తప్పనిదైన పిమ్మట లభించిన అనుమతి అది.

లింకను సభకు క్రొత్తవాడు. అయినను 1847 డిసెంబరు 22వ తేదీన ఎనిమిది తీర్మానములను ప్రవేశపెట్టెను. మొదట రక్తము చిందిన తావు ఏది, అది నిజముగా అమెరికా భూమియేనా, అచటి జనులు ఏ ప్రభుత్వమునకు లోబడియుండిరి అని ఆయన అధ్యక్షుని ప్రశ్నించెను. మరుసటి జనవరిలో, ఈ యుద్ధమును అధ్యక్షుడు అనవసరముగాను రాజ్యాంగవిరుద్ధముగాను ఆరంభించెనను సవరణ సభ ముందునకు వచ్చెను. అది 81 ఓట్లకు ప్రతిగా 85 ఓట్లతో నెగ్గెను. నెగ్గించినవారిలో లింకను ఒకడు. అయినను రణరంగమున నున్న సైనికులకు వలయు సామగ్రికొరకు ధనము అడిగినప్పుడు ఆయన అనుకూలముగానే ఓటు వేసెను.

న్యాయవాద వృత్తిలో ఆయన భాగస్వామియైన హెర్న్‌డనుకు ఈ వైఖరి రుచింపలేదు. లింకను అతనికి ఒక లేఖ వ్రాసి తన అభిప్రాయమును వివరించెను. పొరుగువాడు దండెత్తునను శంక కలిగినప్పుడెల్ల అధ్యక్షుడు తానే ముందుగా దండెత్తవచ్చునన్నచో, ఆయన అధికారమునకు ఇక హద్దు ఉండదనియు, అట్టి అధికారము రాజుల అధికారమువంటిదే యగుననియు ఆ లేఖ సారాంశము. ఇల్లినాయిలో పలువురు ఆయనను దేశభక్తి లేనివాడని నిందించిరి. పత్రికలు ఎగతాళి చేసినవి. పదవీకాలము ముగిసిన పిమ్మట 1849లో ఆయన తిరిగి న్యాయవాద వృత్తిని చేపట్టెను.

పండ్రెండేండ్లు గడచెను. 1861 మార్చి 4వ తేదీన లింకనే అధ్యక్షుడయ్యెను. బానిసత్వమును విడువనొల్లని దక్షిణ రాష్ట్రములు దేశమునుండి విడిపోవుచుండెను. ఏప్రిలు 12వ తేదీన వారి ఫిరంగులు సమ్టరు కోటపై పేలినవి. అప్పుడు కాంగ్రెసు సమావేశములో లేదు. లింకను 75,000 మంది రక్షకదళమును పిలిపించెను. దక్షిణపు రేవులను నౌకలతో దిగ్బంధింపజేసెను. మే నెలలో మరి 42,034 మంది స్వచ్ఛంద సైనికులను కోరెను. సైన్యమును పెంచు అధికారము కాంగ్రెసునకే కలదు. నిర్బంధింపబడినవాడు న్యాయస్థానము నెదుట విచారణ కోరు హక్కును సైతము ఆయన కొన్ని చోట్ల నిలిపివేసెను. ఆ అధికారము కాంగ్రెసుదే గాని అధ్యక్షునిది కాదని ప్రధాన న్యాయమూర్తి టానీ నిర్ణయము చేసెను. లింకను దానిని పాటింపలేదు.

ఒకనాడు అధ్యక్షుని ప్రశ్నించిన లింకనును నేడు ఇతరులు ప్రశ్నించు కాలము వచ్చెను. ఆయన తప్పించుకొనజూడలేదు. రక్షకదళమును పిలిచిన ప్రకటనలోనే జూలై 4వ తేదీన కాంగ్రెసు సమావేశము కావలయునని కోరియుండెను. ఆనాడు తాను చేసిన పనులను కారణములతో సభకు నివేదించెను. సైన్యమును పెంచిన పని కాంగ్రెసు వెనువెంటనే ఆమోదింపగలదను విశ్వాసముతో చేసితినని తెలిపెను. నాలుగు లక్షల మందిని, నలువది కోట్ల డాలర్లను కోరెను. కాంగ్రెసు ఐదు లక్షల మందిని చేర్చుకొనుటకు అనుమతించి, సైన్య విషయమున ఆయన చేసిన పనులను ఆగస్టు 6వ తేదీన ఆమోదించెను. విచారణ హక్కు విషయమున శాసనము 1863లో గాని రాలేదు.

దిగ్బంధములో పట్టుబడిన ఓడల యజమానులు అత్యున్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1863 మార్చిలో ఐదుగురు న్యాయమూర్తులు లింకను పక్షముగను, నలుగురు ప్రతికూలముగను తీర్పు చెప్పిరి. యుద్ధమును ఆరంభించు అధికారము అధ్యక్షునకు లేదనియు, వచ్చి మీదబడిన యుద్ధమును ఎదుర్కొనుట మాత్రము ఆయన విధియనియు అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. కాంగ్రెసు శాసనము చేయువరకు ఆ దిగ్బంధము చెల్లదని తక్కినవారు తలంచిరి. ఒక్క ఓటుతో తేలిన తీర్పు అది.

యుద్ధము సాగుచుండగనే 1864లో ఎన్నికలు జరిగెను. లింకను ఓటమికి సైతము సిద్ధపడి ప్రజల తీర్పును కోరి, తిరిగి ఎన్నికయ్యెను. 1865 ఏప్రిలు 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. ఐదు దినములకు ఒక హంతకుడు లింకనును కాల్చెను. ఏప్రిలు 15వ తేదీ ఉదయమున ఆయన కన్నుమూసెను.

సభ్యుడుగా ఆయన లేవదీసిన ప్రశ్న ఆయనతో అంతరింపలేదు. 1973లో అధ్యక్షుడు నిక్సను నిరాకరించినను కాంగ్రెసు ఒక శాసనము చేసెను. దాని ప్రకారము అధ్యక్షుడు సేనలను పోరునకు దింపినచో 48 గంటలలో కాంగ్రెసునకు తెలుపవలెను. కాంగ్రెసు ఆమోదింపనిచో సాధారణముగా 60 దినములలో ఆ పోరు ముగింపవలెను.

లింకను చేసిన ప్రతి పనియు నిర్దోషమని చెప్పజాలము. సభను అడుగక ముందే ఆయన పెక్కు పనులు చేసెను. అయినను అధికారము లేనప్పుడు లెక్క అడుగుట అనేకులకు సాధ్యము. అధికారము చేతికి వచ్చిన పిమ్మట సభ నెదుట నిలిచి తానే లెక్క చెప్పుట కొందరికే సాధ్యము. లింకను ఆ రెండును చేసెను.