ప్రకాశం పంతులుగారును జమీందారీ రైతును

వరి నాటిన రైతునకు నాలుగైదు మాసములలో ఫలితము తెలియును. మామిడి నాటినవాని సంగతి వేరు. అంటుమొక్కయైనను చేతికందుటకు నాలుగైదేండ్లు పట్టును. టెంకనుండి లేచిన చెట్టునకు అంతకు మించిన కాలము కావలయును. ఆ పిమ్మట అది కొడుకులకును మనుమలకును గాచును. కావున ఈ నేల రేపు నాదియగునా కాదా యను సందేహమున్నవాడు మామిడి నాటడు. చిన్న రసములకును పెద్ద రసములకును పేరుగన్న నూజివీటి మెట్టసీమలో ఈ సందేహము నూరేండ్లకు పైగా వ్యాజ్యములను నడిపినది. దానిని దీర్చుటకు పాటుపడిన వారిలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యులు. తుపాకి కెదురుగా రొమ్ము చూపిన వీరుడని మన బాలురు ఆయనను గూర్చి చదువుచున్నారు. భూమిశిస్తు విషయమున ఆయన పడిన శ్రమను తలచువారు తక్కువ.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి పోయెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పోషించినది. ఆ వృత్తిని లోకము చులకనగా జూచు కాలమది. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఈ బాలుని చురుకుదనము గుర్తించి తమ వెంట రాజమహేంద్రవరమునకు గొనిపోయిరి. అచ్చటనే ఆయన ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షులై, 1904లో సీమకేగి, 1907లో బారిష్టరుగా మరలివచ్చి మద్రాసున స్థిరపడిరి. ఆ దినములలో మద్రాసు హైకోర్టున జమీందారీ వ్యాజ్యములు న్యాయవాదులకు నిత్యము పండుగ. పంతులుగారును విశేషముగా నార్జించిరి. 1921లో ఆ వృత్తిని వదలి, ఆర్జించినదంతయు స్వరాజ్య పత్రికలో పోసిరి. 1928 ఫిబ్రవరిలో సైమను సంఘమును బహిష్కరించినప్పుడు మద్రాసు వీథిలో జరిగిన సంగతిని మరల చెప్పనక్కరలేదు.

జమీందారీ చిక్కు మాత్రము కొంత విప్పి చెప్పవలసియున్నది. 1802లో కుంఫిణీవారు శాశ్వత పైసలా చేసి, జమీందారులు తమకు చెల్లింపవలసిన పేష్కషును ఎన్నటికిని మారకుండ నిర్ణయించిరి. మేకావారి నూజివీటి సంస్థానము ఆ కాలముననే నిడదవోలు, నూజివీడు అని రెండుగా జీలినది. నూజివీటి భాగము తరువాత వారసుల నడుమ మరల పంపకమై ఉయ్యూరు, మీర్జాపురము, తేలప్రోలు మొదలగు ఎస్టేటులైనది. జమీందారు సర్కారునకు గట్టునది మారలేదు. రైతు జమీందారునకు గట్టునది మాత్రము ఏటేట పెరుగజొచ్చినది. ఇదియెట్టి శాశ్వతమో రైతునకు తెలియరాలేదు. భూమి తనదేయని జమీందారనెను. సాగు తనది, హక్కు తనదియని రైతనెను. జమీందారీ రైతు ఏటికేడాది కౌలుదారుడు కాడనియు, అతనికి సాగుబడి హక్కున్నట్లే భావింపవలెననియు 1897లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. 1908 నాటి ఎస్టేటుల భూమి చట్టము ఆ హక్కును స్థిరపరచినది. మామిడి నాటువానికి ఆ చట్టమందలి పండ్రెండవ సెక్షను మిక్కిలి ముఖ్యమైనది. చట్టమునకు పూర్వమున్న చెట్లపై ఆచారమును బట్టియో, రైతు వ్రాసియిచ్చిన కరారును బట్టియో జమీందారునకు గల హక్కు నిలిచినది. చట్టము వచ్చిన తరువాత రైతు నాటిన చెట్టు మాత్రము, ఏ ఆచారమున్నను ఏ కరారున్నను, రైతుదే. అనుభవించుటకును కొట్టుకొనుటకును అతనికే అధికారము. ఒకే దొడ్డిలో తాత నాటిన చెట్టునకొక న్యాయము, మనుమడు నాటిన దానికొక న్యాయము! జమీందారుల స్వంత కమతములకు ఈ హక్కేదియు వర్తింపదు. ఏది కమతము, ఏది రైతు భూమి యను వివాదములతో కచ్చేరీలు నిండిపోయినవి.

1937లో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడినపుడు పంతులుగారు రివిన్యూ మంత్రులైరి. జమీందారీ విచారణ సంఘమునకు ఆయనయే అధ్యక్షులు. రైతుల వాఙ్మూలములను, జమీందారుల వాదములను, కుంఫిణీ నాటి దస్తావేజులను త్రవ్వి 1938లో నివేదిక సమర్పించిరి. నేలకు స్వామి రైతేయనియు, జమీందారు శిస్తు వసూలు చేయుటకు నియుక్తుడైనవాడు మాత్రమేయనియు, పేష్కషు వలెనే రైతు చెల్లించు శిస్తును 1802లోనే స్థిరపడినదనియు, కావున నాటి స్థాయికి దానిని దించవలెననియు ఆ నివేదిక సారము. అనగా జమీందారు వట్టి కలెక్టరు. ఈ సీమలో కలెక్టరను మామిడికాయయు గలదు గాని రసముల గౌరవము దానికి దక్కలేదు.

జమీందారులు గగ్గోలు పెట్టిరి. జమీందారీలను రద్దు చేయుమని నివేదిక కోరలేదని ఇప్పటివారికి విస్మయము కలుగవచ్చును. పంతులుగారు బారిష్టరు. దొరలు 1802లో వ్రాసిన కాగితముతోనే వారి పైసలాను తిరుగబెట్టుట ఆయన యెత్తు. శాసనసభ 1939 ఆరంభమున నివేదిక ననుసరించి శాసనము చేయవలెనని తీర్మానించినది. అంతలో యుద్ధము వచ్చి, ఆ అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా నిచ్చుటతో అంతయు మూలబడినది. పంతులుగారు జైలుకేగిరి. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానులైనను ఏడాది నిండకుండగనే పదవి పోయినది. రైతు నోటికందవలసిన ఫలము ఇతరుల చేతి మీదుగా వచ్చినది. 1947లో శిస్తు తగ్గింపు చట్టమును, 1948లో ఎస్టేటుల రద్దు చట్టమును వచ్చి, జమీందారీ రైతులు రైత్వారీ పట్టాదారులైరి. జమీందారులకు నష్టపరిహారమును, నిజమైన కమతములకు పట్టాలును ముట్టినవి.

నివేదికలో లోటు లేదనజాలము. అది రైతు పక్షమున వాదించినది. ఆ రైతు క్రింద కౌలుకు దున్నువానిని, కూలికి పాదులు త్రవ్వువానిని గూర్చి అంత గట్టిగా వాదింపలేదు. జమీందారునకును రైతునకును నడుమ తగవు తీరినది గాని పట్టాదారునకును కౌలుదారునకును నడుమ తగవు మిగిలినది. పంట సాగుదారుల హక్కులకై 2019లో ఆంధ్రప్రదేశమున చేసిన చట్టము పదునొకండు నెలల ఒప్పందమునకు వీలు కల్పించినది. దానికిని భూస్వామి సంతకము కావలయును. పదునొకండు నెలల హామీతో మామిడి నాటువాడెవ్వడు? పట్టాలు చేతబట్టుకొనియున్న మనమే ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారము.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలున ఆంధ్ర రాష్ట్రమవతరించినపుడు పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రులైరి. ఆ పదవియు మరుసటి యేటనే పోయినది. లక్షలార్జించిన ఆయన పేదవాడుగా 1957 మే 20వ తేదీన హైదరాబాదున కన్నుమూసిరి. బెజవాడ యొద్ద కృష్ణపై కట్టిన బ్యారేజికి ఆయన పేరు పెట్టిరి. ఆ నీరు డెల్టాకు పారును గాని నూజివీటి మెట్టకెక్కదు. అచ్చటి తోటలు చెరువులను, బావులను, వానను నమ్ముకొనియే పెరిగినవి.