యంత్రం గుండెచప్పుడు విన్న రికార్డో

పందెపు మోటారు ఇంజనులో అన్నిటికంటె కష్టజీవి ఏదని ఎవరైనా అడిగితే మేము పిస్టన్ పేరే చెబుతాము. దాని తలపై రెండువేల డిగ్రీలు మించిన మంట. అది తయారైన అల్యూమినియమో, 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోయే లోహం. అంతకు చాలా ముందే దాని బలం సన్నగిల్లుతుంది. ఇక టర్బోచార్జరు కూడా అమర్చితే, బయటికి పోయే పొగ శక్తితోనే గాలిని ఒత్తి సిలిండరులోనికి పంపవచ్చు. మరింత గాలి, మరింత ఇంధనం, దానితోపాటు మరింత వేడి. ఆ వేడిని పిస్టన్ అడుగు నుంచి తీసివేయవచ్చునని మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే ఆచరణలో చూపిన వారిలో సర్ హ్యారీ రికార్డో ఒకరు.

ఆయన 1885 జనవరి 26న లండనులో జన్మించారు. అర్థశాస్త్ర విద్యార్థులకు సుపరిచితుడైన డేవిడ్ రికార్డో సోదరుని సంతతివారు. తండ్రి భవన నిర్మాణశిల్పి. మాతామహులు సర్ అలెగ్జాండర్ రెండెల్ పేరుపొందిన ఇంజనీరు. సింధునదిపై సక్కర్ వద్ద 1889లో ప్రారంభమైన రైలు వంతెన ఆయన రూపకల్పనే. మనుమడు కూడా వంతెనలు కట్టేవాడే అవుతాడని ఇంటివారు భావించి ఉంటే ఆశ్చర్యం లేదు. 1903లో కేంబ్రిడ్జిలో చేరినప్పుడు రికార్డో అభ్యసించదలచినది సివిల్ ఇంజనీరింగే.

మరుసటి సంవత్సరం అక్కడి మోటారు సంఘం ఒక పోటీ పెట్టింది. ఒక క్వార్టు, అనగా లీటరుకు కొంచెం మించిన పెట్రోలుతో ఎవరి బండి ఎక్కువ దూరం పోతుందో చూడాలి. రికార్డో తాను స్వయంగా రూపొందించిన మోటారు సైకిలుతో 40 మైళ్లు పోయి గెలిచారు. పోటీకి వచ్చిన ఇంజనులలో ఆయనదే అన్నిటికంటె బరువైనది కావడం విశేషం. ఆ గెలుపు ఆచార్య బెర్ట్రామ్ హాప్కిన్సన్ దృష్టిని ఆకర్షించింది. ఇంజనుల పరిశోధనకు రమ్మని ఆయన ఈ యువకుని ఒప్పించారు. మన పట్టణాలలో పాఠం చెప్పే గురువునూ, షెడ్డులో ఇంజను విప్పే పనివానినీ ఉర్దూలో ఉస్తాద్ అనే ఒకే మాటతో పిలుస్తారు. హాప్కిన్సన్‌కు ఆ రెండర్థాలూ సరిపోతాయని మాకు తోస్తుంది.

చదువు ముగిసిన పిమ్మట రికార్డో తాతగారి సంస్థలో చేరినా మనసు మాత్రం ఇంజనుల మీదనే ఉండిపోయింది. ఇంతలో యుద్ధం వచ్చింది. 1916లో రణరంగంలోనికి దిగిన తొలి టాంకుల ఇంజను 105 అశ్వశక్తులది. కందెన నూనె సిలిండరులోనికి చేరి మండగా వెలువడిన దట్టమైన పొగ, టాంకు ఎక్కడున్నదో శత్రువుకు తెలియజేసేది. పొగ రాని, నిటారు గట్లు ఎక్కేటప్పుడు కూడా ఆగని కొత్త ఇంజను కావలసివచ్చింది. ఆ భారం రికార్డోపై పడింది.

ఆయన పిస్టన్‌కు దిగువ, పక్క ఒత్తిడిని భరించడానికి వేరొక మార్గదర్శక భాగాన్ని అమర్చారు. దానితో నూనె పైకి పాకడం తగ్గింది. అంతటితో ఆగక, కార్బురేటరుకు పోవలసిన గాలిని ముందుగా పిస్టన్ తల అడుగుగా పోయేటట్లు చేశారు. పోయే గాలి పోతూనే పిస్టన్‌ను చల్లబరిచేది. 150 అశ్వశక్తుల ఈ ఇంజనుతో మార్క్ 5 టాంకులు 1918 జూలై 4న ఫ్రాన్సులోని హామెల్ వద్ద యుద్ధంలో దిగాయి. అయితే పిస్టన్‌కు దక్కిన గాలి సిపాయిలకు దక్కలేదని కూడా చెప్పాలి. ఆ టాంకులలో గాలి ప్రసరణ చాలక, వేడికీ విషవాయువులకూ లోపలివారు సొమ్మసిల్లేవారు. అదే సంవత్సరం ఆగస్టు 26న హాప్కిన్సన్ విమాన ప్రమాదంలో మరణించారు.

గురువు వద్ద మొదలుపెట్టిన ప్రశ్నను శిష్యుడు విడువలేదు. ఇంజనులో ఒక్కొక్కప్పుడు సుత్తితో కొట్టినట్లు చప్పుడు వస్తుంది. మంట వ్యాపించేటప్పుడు ఒక మూల ఇంకా అంటుకోని మిశ్రమం ఒత్తిడికి లోనై, తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడమే దానికి కారణమని రికార్డో గ్రహించారు. సముద్రతీరాన షోరంలో పరిశోధనాలయం నెలకొల్పి, కుదింపును మార్చగల ఇంజనుతో ఏ ఇంధనం ఎంత ఒత్తిడికి ఓర్చుకుంటుందో కొలిచారు. పెట్రోలుకు నేడు చెప్పే ఆక్టేను సంఖ్యకు ఈ కృషి దారితీసింది.

నాడు గాలి చేసిన పనిని నేటి టర్బో పందెపు ఇంజనులలో నూనె చేస్తున్నది. ప్రతి సిలిండరు అడుగున ఒక చిన్న గొట్టాన్ని ప్రధాన నూనె మార్గానికి కలిపి బిగిస్తారు. దాని నుంచి నూనె ధారగా పిస్టన్ తల అడుగును తాకి, వేడిని తీసికొని కిందికి జారుతుంది. ఇది రికార్డో కనిపెట్టినది కాదు. చూడటానికి సులభంగా తోచినా బిగించేవారికి పరీక్షే. ముక్కు కొద్దిగా వంగినా ధార పిస్టన్‌ను తప్పి కనెక్టింగ్ రాడ్డుపై పడుతుంది. పిస్టన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు దాని అంచుగాని, క్రాంకు బరువుగాని గొట్టానికి తగలకుండా చేతితో తిప్పి చూడాలి. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు బేరింగులకు నూనె కరవు కాకుండా, తగిన ఒత్తిడి వచ్చిన తరువాతనే తెరుచుకునే స్ప్రింగు కవాటం ఉండాలి. నూనె పంపు శక్తి కూడా చాలాలి. నూనె తీసికొన్న వేడి ఎక్కడికీ పోలేదు గనుక, దానిని చల్లార్చే రేడియేటరు వేరే కావాలి.

రికార్డోకు 1948లో సర్ బిరుదు లభించింది. 1974 మే 18న, 89వ ఏట పరమపదించారు. షోరం పరిశోధనాలయంలో ఇంజనుల పని ఆ తరువాత దశాబ్దాలపాటు సాగింది.