పావులూరి మల్లన – చదరంగం లెక్క

లెక్కలు ఇంగ్లీషు మీడియం వాళ్ళకే వస్తాయని మన హాస్టల్లో చాలామందికి భయం. అందుకే పావులూరి మల్లన గురించి రాస్తున్నాను.

ఈయన 11వ శతాబ్దపు కవి, రాజరాజ నరేంద్రుని కాలంవాడని ఎక్కువమంది పండితుల మాట. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. శివభక్తుడు కదా, జైన ఉదాహరణలు తీసేసి శివుణ్ణి పెట్టుకున్నాడు!

ఆయన పేరున ఉన్న ఒక పద్యంలో చదరంగం లెక్క ఉంది. మన అనంతపురం వేరుశనగ విత్తనాలతో చూద్దాం. మొదటి గడిలో ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు. పది గళ్ళకు మొత్తం 1,023. ఇరవై గళ్ళకు 10,48,575, బస్తాలు కావాలి. అరవైనాలుగు గళ్ళకు 18446744073709551615! మామూలు కాలిక్యులేటర్లో పట్టదు. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో భాగం పోతుంది, 9తో పోదు. చివర 5 ఉంది కనుక 5తోనూ పోతుంది. దానికి ఒకటి కలపండి, ఇక 2 తప్ప ఏ ప్రధాన సంఖ్యా దాన్ని భాగించదు.

పద్యంలో అంకెలు మాటల్లో దాగి ఉన్నాయి. శశి అంటే 1, వేదం 4, శరం 5, గగనం 0. ఒకట్ల స్థానం నుంచి వెనక్కి ఇరవై మాటలు పేర్చాడు. నేను కాగితం మీద అరవైనాలుగు గళ్ళూ రెట్టింపు చేసి, కూడి సరిచూశాను. ఒక్క అంకె తప్పలేదు.