రాణి రుద్రమదేవి - మన సైనికులకు ఒక పాఠం

సర్వీసులో చేరిన కొత్తలో లంగర్ దగ్గర ఒక వాదన తరచుగా వచ్చేది, ఆడవాళ్ళు యుద్ధానికి పనికొస్తారా అని. పనికిరారు అన్నవాళ్ళలో నేనూ ఒకడిని. తెలుగువాడినై ఉండి కూడా ఓరుగల్లు సంగతి అప్పుడు గుర్తు రాలేదు. అందుకే ఈ సంచికకు రుద్రమదేవి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి కొడుకులు లేరు. కూతురు రుద్రమ్మకే రాజ్యభారం అప్పగించారు. 1260 ప్రాంతం నుంచి ఆమె పాలన కనిపిస్తుంది. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. సామర్థ్యం ఎంత ఉన్నా గద్దె మీద కూర్చోవడానికి మగ పేరు కావలసి వచ్చిందన్న మాట.

ఆడది ఏలడమేమిటని కొందరు తిరగబడ్డారని చెబుతారు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. రుద్రమ అతన్ని తిప్పికొట్టింది. బీదరు కోటలో దొరికిన కాకతీయ శాసనాన్ని బట్టి ఆమె సేనలు అంతదూరం వెళ్ళాయని తెలుస్తోంది. తండ్రి మొదలుపెట్టిన ఓరుగల్లు రాతికోటను పూర్తి చేసి, బయట మట్టికోట, అగడ్త కట్టించింది. పెద్ద వంశాల వాళ్ళనే కాక, పనితనం ఉన్న మామూలు వాళ్ళను కూడా నాయకులుగా చేసింది. ర్యాంకు కష్టపడి తెచ్చుకున్న మనలాంటి వాళ్ళకు దీని విలువ బాగా తెలుసు.

చివరికి సామంతుడైన కాయస్థ అంబదేవుడే ఎదురు తిరిగాడు. 1289 నవంబరు నాటి శాసనం ఒకటి నల్లగొండ ప్రాంతంలోని చందుపట్లలో దొరికింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే కొలువులోని మనిషి భూమి దానం చేశాడని అందులో ఉంది. అంబదేవుడితో యుద్ధంలోనే ఇద్దరూ పోయారని చరిత్రకారుల అభిప్రాయం. అప్పటికి ఆమె వయసు మళ్ళిన మనిషి. అయినా సేనాపతిని పంపి తాను కోటలో కూర్చోలేదు.

మన ఆర్మీలో 1992లో మెడికల్ కాని శాఖల్లోకి మహిళా ఆఫీసర్లు వచ్చారు. 2023లో ఐదుగురు ఆర్టిలరీలో చేరారు. 2025 మే నెలలో ఎన్.డి.ఏ. నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసవుట్ అయ్యారు. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకుల సంగతి ఇంకా తేలాలి. ఫిట్‌నెస్, ఫైరింగ్ పరీక్ష అందరికీ ఒకటే పెట్టండి, నెగ్గినవాళ్ళను పంపండి అని ఇప్పుడు నేనంటాను. రుద్రమ్మకు మగ పేరు అవసరమైంది. ఈ పిల్లలు తమ సొంత పేరు యూనిఫారం మీద పెట్టుకుని నడుస్తున్నారు. లంగర్ దగ్గర ఆనాడు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జై హింద్.