దీపావళినాడు పుట్టిన ఫిడేలు

1893 నవంబరు 8 దీపావళి అమావాస్య. ఆ పండుగపూట బెంగళూరులో పుట్టారు ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. అందుకే ఆయన జయంతికి రెండు రోజులున్నాయి: తేదీ ప్రకారం ఒకటి, తిథి ప్రకారం ఒకటి. పండుగలంటే వెనకాడని జాతి కనుక రెండూ చేసుకుందాం. నవంబరు 8న ఊళ్ళో సభ, దీపావళినాడు మతాబులు అయిపోయాక ఇంట్లో ఆయన పాత రికార్డు ఒకటి.

తండ్రి వెంకటరాయుడుగారిది సైన్యంలో కొలువు. కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది, నాయుడుగారు అక్కడే పెరిగారు. చిన్నప్పుడే చూపు మందగించింది. నల్లబల్ల మీది అక్షరాలు ఆనని పిల్లవాడికి ఆ రోజుల్లో బడి ఎంత దూరం సాగుతుంది? చదువు ఆగిపోయింది. ఇంట్లో ఇలాంటి పిల్లవాడుంటే పెద్దవాళ్ళు సాధారణంగా అయితే జాలిపడి ఓ మూల కూర్చోబెడతారు, లేకపోతే విసుక్కుంటారు. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఈ రెండూ చేయలేదు. తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చి, పక్కన కూర్చుని నేర్పారు. ఈ జయంతికి కట్టే మొదటి దండ న్యాయంగా ఆ అన్నగారికి చెందాలి.

ఫిడేలుకు వీణలా మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనితే ఏ స్వరం పలుకుతుందో చూపించే గుర్తు ఆ పలక మీద ఎక్కడా లేదు. వెంట్రుకవాసి ఇటైతే ఒక స్వరం, అటైతే అపస్వరం. మన విద్వాంసులు నేలమీద మఠం వేసుకుని, వాద్యం ఒక కొసను ఛాతీకి ఆనించి, రెండో కొసను కుడి చీలమండ మీద నిలిపి వాయిస్తారు. దాంతో ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని తప్పుతుంది, గమకాలకు తీగ మీద జారడానికి వీలు చిక్కుతుంది. ఇందులో కంటికి పెద్దగా పనిలేదు, భారమంతా చెవిదే. బళ్ళో వెనకబడ్డ పిల్లవాడు ఫిడేలు దగ్గరికి వచ్చేసరికి అందరితో సమానమయ్యాడు. చూస్తుండగానే ముందుకు వెళ్ళిపోయాడు.

ఆయన కమాను గురించి ఎంత చెప్పినా తక్కువే. సాగదీసిన కమానును ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగనివ్వకుండా నడిపేవారు. గాయకుడు ఒక్క ఊపిరిలో పల్లవి ఎత్తుకున్నట్టు ఉండేది ఆ నాదం. పాశ్చాత్యుల వాయిద్య పద్ధతిని శ్రద్ధగా గమనించి, అందులో తనకు పనికొచ్చే నాదపుష్టిని మాత్రం తీసుకున్నారు. రాగం మాత్రం మనదే, పలుకూ మనదే. వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే విద్య ఆయనకు చేతకాక కాదు, అక్కర్లేక వదిలేశారనిపిస్తుంది నాకు. ఈనాటి కచేరీల్లో చివరి పది నిమిషాలు జరిగే పరుగుపందెం చూస్తే ఆ నిదానం విలువ తెలుస్తుంది.

విజయనగరం సంగీత కళాశాల పుట్టుక కూడా చూపుతో ముడిపడిన కథే. తన కొలువులోని ఒక ఉద్యోగి కొడుకుకి చూపు లేదని, ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలని విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజుగారు 1919లో దాన్ని ప్రారంభించారని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరుదామని వెళ్ళారట. వాయించి వినిపించమన్నారు, వినిపించారు, ఆచార్య పీఠం మీద కూర్చోబెట్టారు. అప్పటికి ఆయనకు 26వ ఏడు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఆ కళాశాల విద్యార్థే, పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినే. మన సినిమా పాట రుచి వెనక విజయనగరం వంటిల్లు ఉందన్నమాట.

ఇక సొంత ఇంటి సంగతి. నాయుడుగారిని నాదయోగి అంటూ పొగిడేవాళ్ళు ఆయన ఒట్టి సంసారి అన్న మాట మరిచిపోతారు. నా మటుకు ఆ సంసారమే గొప్ప. అన్న చేతి మీదుగా తనకు వచ్చిన విద్యను ఆయన ఇంటికే తిరిగి అప్పజెప్పారు. బంధువు నరసింగరావు నాయుడుగారు ఫిడేలు విద్వాంసులయ్యారు. కుమారుడు భావనారాయణరావుగారు తండ్రి కూర్చున్న ప్రిన్సిపాల్ కుర్చీలోనే తర్వాత కూర్చున్నారు. కుమార్తె మంగతాయారుగారు కచేరీ స్థాయి విద్వాంసురాలై ఆ బాణీని మద్రాసులో నిలబెట్టారు. ఆడపిల్లకు పెళ్ళిచూపుల్లో పాడేందుకు నాలుగు కీర్తనలు వస్తే చాలనుకునే కాలమది. కమాను చేతికిచ్చి వేదిక దాకా నడిపించిన తండ్రులు ఎందరుంటారు! "ద్వారం వారి బాణీ" అని ఇవాళ మనం అంటున్నది నిజానికి ఒక ఇంటి పేరు. అన్నదమ్ములు, కొడుకులు, కూతుళ్ళు, మనవలు ఒకే శ్రుతిలో కూర్చున్న ఇల్లు అది.

నాయుడుగారి కాలానికి ఫిడేలు కర్ణాటక సంగీతంలోకి వచ్చి నూరేళ్ళు దాటింది. అయినా దాని చోటు పక్కనే. గాయకుడు ముందుకు నడిస్తే తాను నీడలా వెంట నడవాలి, ఆయన ఆగితే తాను అందుకోవాలి. నాయుడుగారు పెద్దపెద్ద గాయకులకు ఆ పక్కవాద్యం అణకువగా వాయించారు. అలా ఉంటూనే, ఆ వాద్యం ఒంటరిగా కూడా కచేరీ మొత్తాన్ని మోయగలదని నిరూపించారు. 1938లో వెల్లూరులో సోలో కచేరీ చేశారు. ఇప్పుడు సోలో ఫిడేలు కచేరీ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు గానీ, ఆ రోజుల్లో గాయకుడు లేని వేదిక చూసి సగం సభ మొహమొహాలు చూసుకుని ఉంటుంది.

బిరుదులు చకచకా చెప్పేస్తాను: 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. శతజయంతి ఏడాది 1993లో తపాలా బిళ్ళ. పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు నాయుడుగారి వాద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. సంతోషమే. అయితే ప్రతి సభలోనూ ముందు ఈ ముక్కే చెప్పడం మనవాళ్ళకో అలవాటు. మెనుహిన్ మెచ్చకముందు విజయనగరం అరుగుల మీద కూర్చుని తలలూపినవాళ్ళు సామాన్యులా?

1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. పుట్టిన నెలలోనే వెళ్ళిపోయారు కనుక నవంబరు మొత్తం ఆయనదే అనుకోవచ్చు.

జయంతి చేసే సంఘాలవారికి పండుగపూట చిన్న మనవి. ముఖ్య అతిథులను ఇద్దరికి పరిమితం చేయండి. శాలువాలు చివర్న కప్పుకోవచ్చు. ఆ రోజు ఫిడేలు నేర్చుకుంటున్న పిల్లలను, ముఖ్యంగా ఇన్నాళ్ళూ పక్కవాద్యానికే పిలిచినవారిని, వేదిక మధ్యలో కూర్చోబెట్టండి. మైకు సరిచేసే హడావిడిలో వాళ్ళను తొందరపెట్టకండి. నాలుగు తీగలూ శ్రుతి కలిసేదాకా ఆగండి.